బైలీనియర్ మల్టిప్లయర్ బౌండెడా కాదా: గ్రాఫు కాగితం మీద తేల్చే పద్ధతి

బైలీనియర్ ఫూరియర్ మల్టిప్లయర్ (రెండు ప్రమేయాల్ని తీసుకుని, వాటి పౌనఃపున్యాల జతల్ని తూచి కలిపి మూడో ప్రమేయాన్నిచ్చే ఆపరేటర్) ఒకటి మీ ముందు పెట్టి, ఇది బౌండెడా, అంటే ఫలితం సైజు ఇచ్చినవాటి సైజుల లబ్ధానికి ఒక స్థిరాంకం రెట్లు మించకుండా ఉంటుందా, అని అడిగారనుకోండి. కాగితం మీద మొదట రాయాల్సినవి మూడు పౌనఃపున్యాలు: మొదటి ప్రమేయానిది క్సై, రెండోదానిది ఈటా, ఆ రెంటి మొత్తం. వీటిలో ఏ రెండు పెద్దవో, ఏది చిన్నదో తేలితే రుజువు సగం రాసేసినట్టే.

నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఎమ్మెస్సీ ముగించి పీహెచ్‌డీలో చేరిన మా పాత విద్యార్థులు సెలవులకి బొబ్బిలి నుంచీ, చీపురుపల్లి నుంచీ, గజపతినగరం నుంచీ వస్తే మా వసారాలో కూర్చుని పని చేసుకుంటాం. కోయిఫ్‌మన్-మెయేర్ సిద్ధాంతం (ఇలాంటి మల్టిప్లయర్ ఎప్పుడు బౌండెడో చెప్పేది) వాళ్లకి అక్షరం పొల్లుపోకుండా వచ్చు. కొత్త సింబల్, అంటే మల్టిప్లయర్‌లోని తూకపు ప్రమేయం, ఇస్తే మాత్రం ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలీక ఆగిపోతారు. వాళ్లకి నల్లబల్ల మీద చెప్పేదాన్నే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను. హోల్డర్ అసమానత, ఫూరియర్ ఇన్వర్షన్, ప్లాంషెరెల్ సిద్ధాంతం గుర్తుంటే చాలు. మిగతావి అవసరమైన చోట చెబుతాను.

ముందు గుర్తులు. అంతా సరళరేఖ మీదే చేద్దాం. ఎక్కువ డైమెన్షన్లలో ఘాతాంకాలు మారతాయి గానీ ఆలోచన మారదు. ఎఫ్, జి రెండు ష్వార్ట్జ్ ప్రమేయాలు (నున్నగా ఉండి, అనంతం వైపు వేగంగా తరిగేవి). ఎఫ్ ట్రాన్స్‌ఫార్మ్ విలువ క్సై దగ్గర, జి ట్రాన్స్‌ఫార్మ్ విలువ ఈటా దగ్గర తీసుకోండి. రెంటినీ గుణించి, ఎం(క్సై, ఈటా) అనే సంఖ్యతో గుణించి, క్సై + ఈటా పౌనఃపున్యం ఉన్న తరంగంతో గుణించి, రెండు చలరాశుల మీదా సమాకలనం చెయ్యండి. వచ్చిన ప్రమేయం టి(ఎఫ్, జి). ఎం దాని సింబల్. మన ప్రశ్న ఇది: ఎఫ్, జి ఏవైనా సరే, టి(ఎఫ్, జి) ఎల్-ఆర్ నార్మ్ అన్నది ఎఫ్ ఎల్-పి నార్మ్, జి ఎల్-క్యూ నార్మ్‌ల లబ్ధానికి ఒక స్థిరాంకం రెట్లు మించకుండా ఉంటుందా? ఆ స్థిరాంకం ఎఫ్, జి ల మీద ఆధారపడకూడదు.

ఇది ఊహలో కట్టిన యంత్రం కాదు. మైకు సెట్టు వాళ్ల ఈక్వలైజర్ ఒక ప్రమేయం మీద పనిచేసే మల్టిప్లయర్. వచ్చిన పౌనఃపున్యాన్ని పెంచుతుంది, తగ్గిస్తుంది, కొత్తదాన్ని పుట్టించదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున మూడు లాంతర్ల దగ్గర హారన్లని శక్తికి మించి మోగిస్తే మాత్రం అలా ఉండదు. 300 హెర్ట్జ్ స్వరం, 400 హెర్ట్జ్ స్వరం కలిసి లోపలికి వెళ్తే బయటికి వచ్చేవాటిలో 700, 100 కూడా ఉంటాయి. ఆ వికారంలో మొదటి భాగం బైలీనియర్ ఆపరేటరే. 700 అంటే 300 + 400. 100 అంటే 400కి −300 కలవడం, ఎందుకంటే నిజ స్వరంలో ధన, రుణ పౌనఃపున్యాలు రెండూ ఉంటాయి. రెండు పెద్ద పౌనఃపున్యాలు కలిసి ఒక చిన్నదాన్ని పుట్టించగలవన్న ఈ సంగతి దగ్గర పెట్టుకోండి. రుజువులో శ్రద్ధగా ఆలోచించాల్సిన చోటు అదే.

కలం కదపకముందు చేతికొచ్చే ఉదాహరణలు

ఎం అంతటా 1 అయితే టి(ఎఫ్, జి) మామూలు లబ్ధం. హోల్డర్ అసమానత చెప్పేది 1/ఆర్ = 1/పి + 1/క్యూ అయినప్పుడు అది బౌండెడ్ అని. ఎం అన్నది క్సై మీది ప్రమేయం, ఈటా మీది ప్రమేయం గుణిస్తే వచ్చిందైతే, ఎఫ్ మీద ఒక మల్టిప్లయర్, జి మీద ఒక మల్టిప్లయర్ నడిపి గుణించడమే. అక్కడా హోల్డర్ చాలు. ఎం అన్నది క్సై + ఈటా మీద మాత్రమే ఆధారపడితే, ముందు ఎఫ్, జి గుణించి ఆ లబ్ధం మీద ఒక మల్టిప్లయర్ నడిపినట్టు. కొత్త సింబల్ వస్తే ఈ మూడు రూపాల్లో ఒకటేమో చూడండి. అయితే బైలీనియర్ సిద్ధాంతమే అక్కర్లేదు, ఒక ప్రమేయం మీది మల్టిప్లయర్ల గురించిన 1939 నాటి మార్సిన్‌కీవిచ్, 1956 నాటి మిఖ్లిన్, 1960 నాటి హోర్మాండర్ ఫలితాలు చాలు.

తర్వాత ఘాతాంకాలు సరిపోతాయో లేదో చూడాలి. దీనికి రెండు పరీక్షలున్నాయి. సింబల్‌లో రెండు చలరాశుల్నీ ఒకే సంఖ్యతో గుణించినా విలువ మారకపోతే, ఎఫ్, జి లని లామ్డా రెట్లు సాగదియ్యండి. ఎడమ పక్క లామ్డా^(1/ఆర్) రెట్లు, కుడి పక్క లామ్డా^(1/పి + 1/క్యూ) రెట్లు పెరుగుతుంది. లామ్డాని సున్నాకీ అనంతానికీ రెండు వైపులా పంపినా అసమానత నిలవాలంటే 1/ఆర్ = 1/పి + 1/క్యూ తప్పదు. రెండో పరీక్ష ఏ సింబల్‌కైనా పనికొస్తుంది. ఎఫ్ బదులు దాని ఎన్ నకళ్లని దూరదూరంగా జరిపి కలపండి, జి కీ అవే జరుపుళ్లు. ఎఫ్ నార్మ్ ఎన్^(1/పి), జి నార్మ్ ఎన్^(1/క్యూ), ఫలితం నార్మ్ ఎన్^(1/ఆర్) లెక్కన పెరుగుతాయి. వేరువేరు చోట్ల ఉన్న నకళ్లు ఒకదానితో ఒకటి కలిసి ఇచ్చేది దూరం పెరిగే కొద్దీ మాయమవుతుంది. కాబట్టి 1/ఆర్ ఎప్పుడూ 1/పి + 1/క్యూ ని మించకూడదు. రెండు నిమిషాల పని. ఇది చెయ్యకుండా అసమానతల్లోకి దిగితే నెలలు పోతాయి.

ప్లాంషెరెల్ ఇక్కడ కాపాడదు

ఒక ప్రమేయం మీది మల్టిప్లయర్‌కి ఎల్-2 లో ఏ చింతా లేదు: సింబల్ బౌండెడ్ అయితే ఆపరేటర్ బౌండెడ్, నార్మ్ కూడా సింబల్ గరిష్ఠ విలువే. రెండు ప్రమేయాలకి వచ్చేసరికి దీనికి సాటిగా ఎల్-2, ఎల్-2 నుంచి ఎల్-1 కి అని ఆశపడతాం. ఆ ఆశ నిలవదు. ఎందుకో ఒక్కసారి చేత్తో చేసి చూస్తే మళ్లీ మరిచిపోరు.

ఎం ని క్సై + ఈటా మీది ప్రమేయంగా తీసుకోండి, దాని పేరు ఏ. ఎల్-1 లోని ఏ ప్రమేయాన్నైనా రెండు ఎల్-2 ప్రమేయాల లబ్ధంగా రాయొచ్చు. కాబట్టి మన ఆపరేటర్ బౌండెడ్ కావడమంటే ఏ అన్నది ఎల్-1 మీద మల్టిప్లయర్ కావడమే, అంటే ఏదో ఒక పరిమిత మెజర్‌కి ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ కావడం. ఇప్పుడు ప్రతి ధన పూర్ణాంకం దగ్గర ఒక నున్నటి చిన్న గుబ్బ పెట్టి, దాన్ని రూడిన్-షపీరో వరుసలోని +1 తోనో −1 తోనో గుణించండి. ఏ కి అన్ని అవకలజాలూ బౌండెడ్. అయినా అది పరిమిత మెజర్‌కి ట్రాన్స్‌ఫార్మ్ కాలేదు. ఆ వరుసలోని మొదటి ఎన్ గుర్తులతో కట్టిన త్రికోణమితీయ బహుపది గరిష్ఠ విలువ √ఎన్ కి స్థిరాంకం రెట్లే. దాన్ని ఆ మెజర్‌తో జతచేస్తే ఎన్ ఒకట్లు కూడి ఎన్ వస్తుంది. అప్పుడు ఎన్ ≤ సి √ఎన్ కావాలి, ఎన్ పెద్దదైతే అది కుదరదు.

బేన్యి, టోరెస్ 2004లో అన్ని అవకలజాలూ బౌండెడ్ అయిన బైలీనియర్ సింబల్స్ సైతం ఇలా విఫలం కావచ్చని చూపించారు. తర్వాత గ్రఫాకోస్, హె, స్లావికోవా దీనికి కచ్చితమైన గీత గీశారు: తగినన్ని అవకలజాలు బౌండెడ్ అయి, సింబల్ అన్నది 4 కన్నా చిన్నదైన ఏదో ఒక క్యూ కి ఎల్-క్యూ లో ఉంటే ఎల్-2, ఎల్-2 నుంచి ఎల్-1 కి బౌండెడ్. 4 దగ్గర అది ఆగిపోతుంది. మన గుబ్బల సింబల్ క్సై + ఈటా మారని గీతల వెంట తరగకుండా సాగిపోతుంది గనక క్యూ పరిమితమైన ఏ ఎల్-క్యూ లోనూ లేదు. మీ సింబల్ అనంతం వైపు తరుగుతోందా లేదా అని మొదటే చూసుకోమనడం ఇందుకే.

సింబల్ ఎక్కడ చెడింది?

ఇప్పుడు గ్రాఫు కాగితం తియ్యండి. క్సై అక్షం, ఈటా అక్షం గీసి, క్సై + ఈటా = 0 గీతని మరో రంగులో గీయండి. మీ సింబల్ ఏ చోట్ల నున్నగా లేదో ఎర్ర పెన్సిల్‌తో దిద్దండి. ఎరుపు మూలబిందువు దగ్గర మాత్రమే ఉంటే మీ అదృష్టం, కోయిఫ్‌మన్-మెయేర్ సిద్ధాంతం ఉంది. ఎరుపు ఒక గీత వెంట పాకితే అది ఏ గీతో చూడాలి.

కోయిఫ్‌మన్, మెయేర్ 1970ల్లో పెట్టిన షరతు ఇది: ఎం అవకలజం తీసిన ప్రతిసారీ |క్సై| + |ఈటా| తో ఒకసారి భాగించినంత తరగాలి. క్సై ఈటా / (క్సై² + ఈటా²) చూడండి. మూలబిందువు తప్ప అంతటా నునుపు, సాగదీస్తే మారదు, కాబట్టి షరతు తనంతట తానే తీరుతుంది. ఇలాంటి సమఘాత సింబల్స్‌కి యూనిట్ వృత్తం మీద నునుపు చూస్తే చాలు. షరతులో ఉన్నది |క్సై| + |ఈటా| అని గమనించండి. ఈటా సున్నా అయినా క్సై పెద్దదైతే సింబల్ అక్కడ నున్నగానే ఉండాలి. క్సై ధనమా రుణమా అన్నదాని మీద మాత్రమే ఆధారపడే సింబల్ ఈ షరతు తీర్చదు, ఎఫ్ మీద హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్ (స్థిరాంకం పక్కన పెడితే, పౌనఃపున్యం ధనమైతే +1 తో, రుణమైతే −1 తో గుణించే మల్టిప్లయర్) నడిపి జి తో గుణించడమే గనక బౌండెడ్ అయినా సరే. షరతు తీరితే చాలు, తీరకపోతే విఫలమని కాదు.

రుజువు

సిద్ధాంతం వాడడం నేర్చుకోవాలంటే రుజువు ఒక్కసారైనా చేత్తో రాయాలి. మూడు సంఖ్యల మొత్తం సున్నా అయితే, అన్నిట్లోకీ పెద్దది మిగతా రెంటి మొత్తాన్ని మించదు. అంటే రెండోది కనీసం దానిలో సగం ఉంటుంది. క్సై, ఈటా, −(క్సై + ఈటా) అలాంటి మూడు. కాబట్టి వీటిలో ఎప్పుడూ కనీసం రెండు ఒకే స్థాయివి. ఆ రెంటికీ స్క్వేర్ ఫంక్షన్ (వెంటనే కింద చెబుతాను) ఇవ్వండి, మిగిలినదానికి మాక్సిమల్ ఫంక్షన్ (బిందువు చుట్టూ ఉన్న అంతరాల మీద ప్రమేయం పరిమాణపు సగటుల్లో అన్నిటికన్నా పెద్దది) ఇవ్వండి. రుజువంతా ఈ పంపకమే.

ఎఫ్‌ని లిటిల్‌వుడ్-పేలీ ముక్కలుగా కొయ్యండి. జె-ముక్కలో పౌనఃపున్యాలు 2^జె చుట్టూ ఉంటాయి. అన్ని ముక్కల వర్గాల మొత్తానికి వర్గమూలం తీస్తే స్క్వేర్ ఫంక్షన్. పి అన్నది 1 కీ అనంతానికీ మధ్య ఉంటే దాని ఎల్-పి నార్మ్, ఎఫ్ నార్మ్ ఒకదాన్నొకటి స్థిరాంకం రెట్లలో అదుపులో ఉంచుతాయి. జి ని కూడా అలాగే కోస్తే తలంలో మూడు ప్రాంతాలు కనిపిస్తాయి: |క్సై| బాగా పెద్దది, |ఈటా| బాగా పెద్దది, రెండూ ఒకే స్థాయివి.

ముందు సింబల్‌ని వదిలించుకోవాలి. ఒక్కో స్కేలు జె దగ్గర సింబల్ ముక్క 2^జె సైజు చదరంలో ఉంటుంది. దాన్ని డబుల్ ఫూరియర్ శ్రేణిగా విప్పండి, దాని సూచికలు కె, ఎల్. ఒక్కో భాగీయ సమాకలనానికి అవకలజం 2^(−జె) తెస్తుంది, చదరం సైజు 2^జె దాన్ని కొట్టేస్తుంది. అందువల్ల గుణకాలు జె తో సంబంధం లేకుండా (1 + |కె| + |ఎల్|) ఘాతంగా తరుగుతాయి. షరతు అలా ఎందుకు పెట్టారో ఈ ఒక్క లైనులో తెలుస్తుంది. శ్రేణిలోని ఎక్స్‌పొనెన్షియల్స్ ఎఫ్ ముక్కని కె 2^(−జె) మేర, జి ముక్కని ఎల్ 2^(−జె) మేర పక్కకి జరుపుతాయి, అంతకు మించి ఏమీ చెయ్యవు. జరిపినందుకు కట్టాల్సిన మూల్యం మాక్సిమల్ ఫంక్షన్ ద్వారా (1 + |కె|)(1 + |ఎల్|). ఆర్ కనీసం 1 అయినప్పుడు ఐదు అవకలజాలుంటే గుణకాలు ఐదో ఘాతంగా తరుగుతాయి, మూల్యం రెండు ఘాతాలు తినేస్తుంది, మిగిలిన మూడు ఘాతాలతో కె, ఎల్ ల మీది మొత్తం కన్వర్జ్ అవుతుంది. నాలుగైతే మిగిలేది రెండు, తలం మీది జాలకానికి అది చాలదు. ఈ లెక్క పొదుపైనది కాదు, కానీ చేత్తో సరిచూసుకోగలిగేది.

ఇక మిగిలింది ముక్కల లబ్ధాల మొత్తమే, అంటే పారాప్రొడక్ట్. రెండు పౌనఃపున్యాలూ ఒకే స్థాయివైన ప్రాంతంలో ఎఫ్ జె-ముక్కని జి జె-ముక్కతో గుణించి అన్ని జె లకీ కూడుతున్నాం. ప్రతి బిందువు దగ్గరా కోషీ-ష్వార్ట్జ్ వాడితే ఎఫ్ స్క్వేర్ ఫంక్షన్, జి స్క్వేర్ ఫంక్షన్‌ల లబ్ధం. తర్వాత హోల్డర్. అయిపోయింది. పి, క్యూ రెండూ 1 కన్నా పెద్దవైతే చాలు, ఆర్ సగం దాకా దిగినా ఈ మాట నిలుస్తుంది.

|క్సై| బాగా పెద్దదైన ప్రాంతంలో ఎఫ్ జె-ముక్కని జి దిగువ ముక్కతో గుణిస్తున్నాం. దిగువ ముక్క అంటే 2^జె కన్నా బాగా తక్కువ పౌనఃపున్యాలన్నీ. ఇక్కడ క్సై + ఈటా కూడా 2^జె చుట్టూనే ఉంటుంది. అంటే ఫలితంలో జె-ముక్కలు వేరువేరుగా నిలుస్తాయి. లిటిల్‌వుడ్-పేలీని ఫలితం మీద వాడితే, ఫలితం నార్మ్‌ని ఈ లబ్ధాల వర్గాల మొత్తానికి వర్గమూలం అదుపు చేస్తుంది. జి దిగువ ముక్కలన్నీ హార్డీ-లిటిల్‌వుడ్ మాక్సిమల్ ఫంక్షన్ కిందే ఉంటాయి, అది మొత్తం బయటికి వచ్చేస్తుంది, లోపల ఎఫ్ స్క్వేర్ ఫంక్షన్ మిగులుతుంది. మళ్లీ హోల్డర్. |ఈటా| పెద్దదైన ప్రాంతం దీనికి అద్దం.

చీపురుపల్లి నుంచి వచ్చే అమ్మాయి ఒకరోజు ఇక్కడే ఆపింది. "అలగైతే మేడమ్, రెండూ ఒకే స్థాయివి అయిన చోట కూడా ఫలితం మీద లిటిల్‌వుడ్-పేలీ వాడేసి, ఒకదానికి మాక్సిమల్ పెట్టేస్తే పోదా?" సరైన ప్రశ్న. ఆ ప్రాంతంలోనే క్సై + ఈటా = 0 గీత ఉంది. 400, −390 కలిస్తే 10. జె ఎంత పెద్దదైనా ఫలితం ఎంత చిన్న పౌనఃపున్యం దగ్గరైనా పడొచ్చు, వేర్వేరు జె ల ఫలితాలు ఒకే చోట పోగుపడొచ్చు. ఫలితంలో ఎడం లేదు గనక లిటిల్‌వుడ్-పేలీకి పట్టు దొరకదు. అక్కడ పెద్దవి క్సై, ఈటా; స్క్వేర్ ఫంక్షన్లు వాటికే ఇవ్వాలి. మొదటి ప్రాంతంలో పెద్దవి క్సై, క్సై + ఈటా. అందుకే ఒక స్క్వేర్ ఫంక్షన్ ఎఫ్‌కి, ఒకటి ఫలితానికి. ఆ అమ్మాయి గ్రాఫు మీద మూడో గీతని తనే ముదురు రంగులో దిద్దుకుంది.

అంచుల దగ్గర సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆర్ 1 కి దిగితే ఫలితం మీది లిటిల్‌వుడ్-పేలీ మెట్టుని హార్డీ స్పేస్‌లో (అక్కడ ఎల్-ఆర్ కి బదులు వాడేది) చెయ్యాలి. అలా దిగొచ్చని, పి, క్యూ రెండూ 1 అయినప్పుడు బలహీన ఎల్-1/2 (ఎల్-1/2 కన్నా కాస్త సడలించిన హద్దు) దొరుకుతుందని కెనిగ్, స్టెయిన్ 1999లోనూ, గ్రఫాకోస్, టోరెస్ 2002లోనూ తేల్చారు. జి ఎల్-అనంతంలో ఉంటే మొదటి ప్రాంతానికి చిక్కు లేదు, మాక్సిమల్ ఫంక్షన్ అక్కడా బౌండెడే. |ఈటా| పెద్దదైన ప్రాంతంలోనూ, ఒకే స్థాయి ప్రాంతంలోనూ మాత్రం జి స్క్వేర్ ఫంక్షన్ కావాలి, అది ఎల్-అనంతంలో ఉండనక్కర్లేదు; దాని బదులు కార్ల్‌సన్ మెజర్ తెచ్చుకోవాలి.

మూడు, నాలుగు ప్రమేయాలు వచ్చినా ఇదే నడక. ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే మొత్తం సున్నా అయ్యే పౌనఃపున్యాలు ఒకటి ఎక్కువుంటాయి. వాటిలోనూ పెద్దవి కనీసం రెండు ఒకే స్థాయిలో ఉంటాయి. స్క్వేర్ ఫంక్షన్లు ఆ రెంటికి, మిగతా అన్నిటికీ మాక్సిమల్.

నునుపు చాలనప్పుడు

అవకలజాలు ఐదు లేకపోతే? టోమితా 2010లో హోర్మాండర్ తరహా షరతు ఇచ్చారు. సింబల్‌ని ఒక్కో స్కేలు దగ్గర కత్తిరించి, యూనిట్ సైజుకి తెచ్చి, ఆ ముక్కలన్నిటి సోబొలెవ్ నార్మ్ (ఎన్ని అవకలజాలు, భిన్నసంఖ్యలోనైనా సరే, ఎల్-2 లో ఉన్నాయో కొలిచేది) ఒకే హద్దులో ఉందేమో చూడాలి. సరళరేఖ మీద రెండు ప్రమేయాలకి, పి, క్యూ, ఆర్ మూడూ 1 కన్నా పెద్దవైతే, 1 కన్నా ఏ కాస్త ఎక్కువ సోబొలెవ్ నునుపు ఉన్నా సరిపోతుంది.

దీన్ని |క్సై| / (|క్సై| + |ఈటా|) మీద నడిపి చూడండి. రెండు అక్షాల వెంటా దీనికి మడత ఉంది, కోయిఫ్‌మన్-మెయేర్ షరతు తీరదు. కానీ మడత అంటే మొదటి అవకలజంలో గెంతు. గెంతుకి 1/2 కన్నా తక్కువ సోబొలెవ్ నునుపు ఉంటుంది, కాబట్టి మడతకి 3/2 కన్నా తక్కువ ఏదైనా ఉంటుంది. 1 కీ 3/2 కీ మధ్య బోలెడు చోటుంది. టోమితా షరతు తీరింది, ఆపరేటర్ బౌండెడ్. సింబల్‌లోనే గెంతు ఉంటే 1/2 దగ్గరే ఆగిపోతుంది, ఈ దారి మూసుకుపోతుంది.

గెంతు ఏ గీత వెంట ఉందన్నది అప్పుడు కీలకం. గెంతు క్సై = 0 వెంటైతే ఎఫ్ మీద హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్, ఈటా = 0 వెంటైతే జి మీద, క్సై + ఈటా = 0 వెంటైతే లబ్ధం మీద. మూడూ తెలిసినవే, మూడో దాంట్లో ఆర్ 1 కన్నా పెద్దదై ఉండాలంతే. క్సై = ఈటా గీత వెంట గెంతు ఉంటే మాత్రం అది బైలీనియర్ హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్. ఎఫ్‌ని ఎడమకీ జి ని కుడికీ ఒకే దూరం జరిపి, గుణించి, ఆ దూరంతో భాగించి సమాకలనం చెయ్యడమే, చూడ్డానికి ఇంత అమాయకంగా ఉంటుంది. లిప్‌షిట్జ్ వక్రాల మీది కోషీ సమాకలనం కోసం కాల్డెరోన్ 1960ల్లో దీన్ని ఎదురుగా పెట్టుకున్నారు. లేసీ, థీలె 1997లోనూ 1999లోనూ రుజువు చేసేదాకా అది బౌండెడ్ అని ఎవరికీ తెలీదు. మన మూడు ప్రాంతాల పద్ధతి ఇక్కడ ఎందుకు ఆగుతుందంటే, ఆ గీత మూలబిందువు నుంచి ఎంత దూరం పోయినా చెడినదే. 2^జె సైజు చదరంలో సింబల్ ఇంకా నున్నగా ఉండదు, గీతకి దగ్గరయ్యే కొద్దీ ఇంకా చిన్న చదరాలు కావాలి, వాటికి లెక్కే లేదు. వాళ్లు ఫూరియర్ శ్రేణుల కన్వర్జెన్స్ మీద కార్ల్‌సన్ 1966 రుజువు, ఫెఫర్‌మన్ 1973 రుజువుల దారి పట్టి కాలాన్నీ పౌనఃపున్యాన్నీ కలిపి పలకలుగా కోసి, చెట్లుగా పేర్చారు. ఆర్ 2/3 కన్నా పెద్దదైతే అది నిలుస్తుంది. 1/2 కీ 2/3 కీ మధ్య ఏమవుతుందో ఇప్పటికీ తేలలేదు. మీ గ్రాఫులో ఎర్ర గీత ఈ మూడు గీతలూ కాకుండా మరో వాలుతో కనిపిస్తే, ముందు చేతిలో ఉన్న పని పక్కన పెట్టి ఆ రుజువు నేర్చుకోండి. దగ్గరి దారి లేదు.

చేత్తో చెయ్యాల్సిన లెక్క

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఎస్ ధన సంఖ్య. డి^ఎస్ అంటే ట్రాన్స్‌ఫార్మ్‌ని |క్సై|^ఎస్ తో గుణించే ఆపరేటర్. ఎఫ్, జి లబ్ధం మీద డి^ఎస్ నడిపితే, దాని ఎల్-ఆర్ నార్మ్‌ని రెండు ముక్కల మొత్తం అదుపు చేస్తుందని చూపించాలి: డి^ఎస్ ఎఫ్ నార్మ్, జి నార్మ్‌ల లబ్ధం ఒకటి, ఎఫ్ నార్మ్, డి^ఎస్ జి నార్మ్‌ల లబ్ధం ఒకటి. కాటో, పోన్సె 1988లో ఆయిలర్, నేవియర్-స్టోక్స్ సమీకరణాల కోసం ఈ తరహా అసమానత తెచ్చారు. పి, క్యూ, ఆర్ మూడూ 1 కన్నా పెద్దవి, పరిమితం అనుకోండి.

సింబల్ |క్సై + ఈటా|^ఎస్. |క్సై| బాగా పెద్దదైన ప్రాంతంలో దాన్ని |క్సై|^ఎస్ తో భాగించండి. ఆ భాగఫలం కోయిఫ్‌మన్-మెయేర్ షరతు తీరుస్తుంది, మొదటి ముక్క వచ్చేసింది. |ఈటా| పెద్దదైన చోట రెండోది. రెండూ ఒకే స్థాయిలో ఉన్న చోట భాగఫలానికి క్సై + ఈటా = 0 గీత వెంట మడత ఉంటుంది. దాని సోబొలెవ్ నునుపు ఎస్ + 1/2 కన్నా తక్కువ ఏదైనా. ఎస్ సగం కన్నా పెద్దదైతే టోమితా చాలు. ఎస్ సగం లోపైతే ఫలితాన్ని కూడా కొయ్యండి: జె-ముక్కల లబ్ధంలో పౌనఃపున్యం 2^(జె − కె) చుట్టూ ఉన్న భాగాన్ని విడిగా తియ్యండి, కె సున్నా నుంచి పైకి. డి^ఎస్ అక్కడ 2^((జె − కె)ఎస్) ఇస్తుంది. అందులో 2^(జె ఎస్) ని ఎఫ్ జె-ముక్కకి అప్పజెప్పండి, డి^ఎస్ ఎఫ్ తయారవుతుంది. చేతిలో 2^(−కె ఎస్) మిగులుతుంది. కె ని కదలకుండా పట్టుకుంటే ఫలితంలో జె-ముక్కలు విడివిడిగా నిలుస్తాయి, కాబట్టి ఇప్పుడు ఫలితం మీద లిటిల్‌వుడ్-పేలీ వాడొచ్చు. ఫెఫర్‌మన్, స్టెయిన్ 1971లో ఇచ్చిన వెక్టర్ మాక్సిమల్ అసమానతతో ఒక్కో కె కీ వచ్చే హద్దు కె మీద ఆధారపడదు. చివరికి 2^(−కె ఎస్) లని అన్ని కె లకీ కూడండి. ఎస్ సున్నా కన్నా పెద్దది గనక అది గుణశ్రేణి, మొత్తం పరిమితం.